రాగి వదిలేసిన దొంగ

"పావుగంట ఇస్తన్నాను మేడమ్. ఆ తర్వాత ఈడు కోర్టుకి, మీరు విశాఖపట్నం బస్సుకి," అన్నాడు చోడవరం ఎస్సై గౌరీశంకర్, కుర్చీలోంచి లేవకుండానే.

డిటెక్టివ్ నూకరత్నం ఆ మాటకి నొచ్చుకోలేదు. యాభై దాటిన మనిషి. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుంటూ సగం ఉద్యోగం చేసి, ఆ మీదట గాజువాకలో సొంతంగా బోర్డు పెట్టుకుంది. లేచి నిలబడని ఎస్సైలు ఆమెకి కొత్త కాదు. ఆమె పుట్టిల్లు ఇక్కడే, బుచ్చయ్యపేట పక్కన. తన వైపు జనమే ఒక మనిషిని దుకాణంలోంచి ఈడ్చుకొచ్చి కొట్టారని విని వచ్చింది. పొద్దున్న బస్సు దిగిన దగ్గర్నుంచి ఆమెకి ఎవరి మొహం చూసినా సిగ్గుగానే ఉంది.

కేసు పైకి చూస్తే చాలా తేలిక. మంగళవారం పొద్దున్న దేవరాపల్లి రైతు పెదబాబు భార్య అచ్చియ్యమ్మకి గుండెల్లో నొప్పి వచ్చింది. సొంత ఎలక్ట్రిక్ కారులో చోడవరం సర్కారు ఆసుపత్రికి తీసుకొచ్చారు. డాక్టరు మాత్రలు నమిలించి, ఇంజక్షన్ చేసి, ఆలస్యం చేయకుండా విశాఖపట్నం వెళ్ళమన్నాడు. కారులో ఉన్న ఛార్జింగ్ అంత దూరం రాదు. ఫోన్లో చూస్తే ఊళ్ళోని ఛార్జింగ్ స్టేషన్ పచ్చచుక్కతో కనబడింది. పచ్చచుక్క ఉంటే మెషీన్ పనిచేస్తోందని లెక్క. తీరా వెళితే అక్కడ కేబుల్ తెగి వేలాడుతోంది. ఇప్పుడే ఎవడో కోసుకుపోయాడన్నాడు స్టేషన్ ఓనరు. ఇంకో బండి దొరికేసరికి చాలాసేపు పట్టింది. అనకాపల్లి దాటకుండానే అచ్చియ్యమ్మ ప్రాణం పోయింది.

రాగి కోసం కేబుల్ కోసినవాడే ఆమెని చంపాడని ఊరు తీర్పు చెప్పేసింది. పాత ఇనుము కొనే బంగార్రాజు దుకాణంలో రాగి తీగ కనబడింది. ఇంకేం కావాలి? పెదబాబు, అతని మనుషులు కలిసి బంగార్రాజు చెయ్యి విరిచేశారు. ఆ తర్వాత తీరిగ్గా గౌరీశంకర్ వచ్చి అరెస్టు చేశాడు. దొంగతనం ఒకటీ, ఒక ప్రాణం పోవడానికి కారణమైనందుకు ఇంకొకటీ. ఈ పూట కోర్టులో హాజరుపరిచి జైలుకి పంపితే బంగార్రాజు మళ్ళీ ఎప్పుడు బయటికొస్తాడో చెప్పగలిగినవాడు లేడు. నూకరత్నాన్ని పిలిపించింది అతని భార్య రోజా.

బంగార్రాజు గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు. కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడుతోంది.

"చెయ్యి ఎలా విరిగింది?" అని అడిగింది నూకరత్నం.

"పారిపోతా గోడ మీంచి పడ్డాడు," అన్నాడు ఎస్సై.

"నేను అతన్ని అడిగాను."

బంగార్రాజు ఎస్సై వైపు ఓసారి చూసి తల దించుకున్నాడు. "సారు సెప్పినట్టేనమ్మా."

"సరే. మంగళవారం పొద్దున్న ఎక్కడున్నావు?"

"గోవాడ కాడ ఉన్నానమ్మా. ఎవులిదో బోరు మోటారు కాలిపోతే, పాత తీగ ఉన్నాది పట్టుకుపొమ్మని ఫోన్ సేసేరు. ఎల్లి తెచ్చేను. సారు పట్టుకున్నాది ఆ తీగే."

"ఛార్జింగ్ మెషీన్ కేబుల్లో రాగి ఉంటుందని నీకు తెలుసా?"

"తెలకేటమ్మా, నా యాపారమే అది. అయితే మాత్రం నడిరోడ్డు మీద కోసేస్తానా? ఆ మెషీను ఎనకున్న ఓటలు కాడే నాను రోజూ టీ తాగుతాను. ఆ యమ్మ సచ్చిపోయిందని నాకు తెల్దమ్మా. నన్ను కొడతన్నప్పుడు ఎందుకు కొడతన్నారో కూడా తెల్దు. రాత్రి రోజా వచ్చి సెప్తే తెలిసింది."

గౌరీశంకర్ బల్ల మీద గోనెసంచి విప్పి రాగి తీగ చుట్ట బయటపెట్టాడు. "ఇదిగో సాక్ష్యం. ఇంకేటి గావాల మీకు?"

నూకరత్నం చుట్టలోంచి ఒక పోగు పైకి తీసింది. "దీనికి వార్నిష్ ఉంది. ఇది మోటారు తీగ. ఛార్జింగ్ కేబుల్లో ఉండే తీగకి వార్నిష్ ఉండదు, పైన రబ్బరు తొడుగు ఉంటుంది."

"రాగి రాగే మేడమ్."

"కేబుల్ తెగిందని రాశారు. ఎక్కడ తెగిందో రాశారా?"

"తెగింది తెగిందే. ఎక్కడ తెగితే ఏటి?"

"ఎక్కడ తెగిందో మీరు చూడలేదన్నమాట."

ఎస్సై మొహం ఎర్రబడింది. "సూడండి మేడమ్, మీరు బీమా కంపెనీల్లో సైకిళ్ళ దొంగల్ని పట్టుకునుంటారు. ఇది ప్రాణం పోయిన కేసు. జీపు మరమ్మతుకి ఎల్లింది కాబట్టి ఈడింకా ఇక్కడున్నాడు. అది రాగానే ఎక్కించేస్తాను."

"అయితే ఈలోగా నేను చూసొస్తాను," అని నూకరత్నం సంచి భుజాన వేసుకుంది.

ఛార్జింగ్ స్టేషన్ ఉన్నది ఉమామహేష్ టిఫిన్ హోటల్ ముందున్న ఖాళీ జాగాలో. హోటలూ, ఛార్జింగ్ స్టేషనూ రెండూ అతనివే. అతను అచ్చియ్యమ్మకి సొంత తమ్ముడు. అక్క పోయిన రోజు నుంచి హోటల్ తెరవలేదు. చెరుకురసం మెషీన్ కూడా మంగళవారం ఎలా వదిలేశాడో అలాగే ఉంది. 'చోడవరంలో మొట్టమొదటి ఎలక్ట్రిక్ ఛార్జింగ్ స్టేషన్' అని రాసిన ఫ్లెక్సీలో మాత్రం ఉమామహేష్ చేతులు జోడించి నిండుగా నవ్వుతున్నాడు. అసలు మనిషి ఆ ఫ్లెక్సీ కిందే అరుగు మీద, గెడ్డం మాసి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు.

"సూసుకోండమ్మా, ఏటి సూస్తారో," అన్నాడు తల ఎత్తకుండా.

బీరువా అంత మెషీన్. పక్కనుంచి చేతి మణికట్టంత లావు కేబుల్ నేల దాకా వేలాడుతోంది. చివర ఏమీ లేదు. పెట్రోలు బంకులో పట్టుకునే గొట్టం లాంటిది దీనికీ ఒకటి ఉంటుంది, కారుకి తగిలించడానికి. గన్ను అంటారు. అది లేదు. మిగతా కేబుల్ జానెడు కూడా తగ్గకుండా ఉంది.

నూకరత్నం వెనకే నిలబడిన రోజాని పిలిచింది. "మీ ఆయనే కోస్తే ఎక్కడ కోస్తాడు?"

రోజా భగ్గుమంది. "మాయాయన కొయ్యలేదని సెప్తన్నాను కదమ్మా! మీరూ అదే మాటా?"

"అబ్బా, ఊరికే అనుకో. రాగి కోసం వచ్చినవాడు ఎక్కడ కోస్తాడు?"

రోజా కేబుల్ని పైనుంచి కిందికి చూసింది. "మెషీను కాడే కోస్తాడు. అక్కడ కోస్తేనే తీగంతా వస్తాది."

"ఈ దొంగ చిట్టచివర కోశాడు. రాగి మొత్తం ఇక్కడ వదిలేసి ప్లాస్టిక్ పట్టుకుపోయాడు. ఇలాంటి దొంగని నేనెప్పుడూ చూళ్ళేదు."

అంటూనే ఆమె వంగింది. తెగిన కొస నిండా చీమలు. ఎర్రచీమలు, ఒకదాని మీద ఒకటి. రబ్బరుకీ రాగికీ చీమలు ఎందుకు పడతాయి? ఆమె చీమల్ని విదిలించి, కొసని వేలితో రాసి, ఆ వేలు నాలిక మీద పెట్టుకుంది. రోజా "ఓలమ్మ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తియ్యగా ఉంది.

నూకరత్నం నేరుగా చెరుకురసం మెషీన్ దగ్గరికి నడిచింది. చెరుకు చెక్కే కత్తి అక్కడే ఉంది, కింద చెరుకు ముక్కలు నరికే చెక్క మొద్దు ఉంది. మొద్దు మీద ఏళ్ళ తరబడి పడిన గాట్లు. వాటిలో ఒక్క గాటులో మాత్రం నల్లటి రబ్బరు ఇరుక్కుని ఉంది. గోటితో గిల్లితే పొడిలా రాలింది. కేబుల్ పొడవు సరిగ్గా ఆ మొద్దు దాకా వస్తుందో లేదో లాగి చూసింది. సుబ్బరంగా వచ్చింది.

అరుగు మీద ఉమామహేష్ తల ఎత్తాడు.

ఆమె ఛార్జింగ్ మెషీన్ దగ్గరికి తిరిగొచ్చి, గన్ను పెట్టే గూట్లోకి ఫోన్ లైటు వేసింది. లోపల పసుపు, కుంకం అట్టకట్టి ఉన్నాయి. ఒక మూల కొబ్బరి పీచు. గూటి అడుగున నీళ్ళు నిలిచి ఎండిన చార, లోపలి ఇత్తడి మరలకి దట్టంగా చిలుము. అంత చిలుము మూడు రోజుల్లో పట్టేది కాదు.

హోటల్ కిటికీలోంచి లోపలి గోడ కనిపిస్తోంది. గోడ మీద లామినేషన్ చేయించిన ఫొటో. దసరాకి మెషీన్‌కి ఆయుధపూజ. గుమ్మడికాయ, నిమ్మకాయలు, మెషీన్ మెడలో బంతిపూల దండ. మధ్యలో ముఖ్య అతిథిగా ఎస్సై గౌరీశంకర్, మెడలో శాలువాతో. ఉమామహేష్ గన్నుని రెండు చేతులా పళ్ళెంలా పట్టుకుంటే, ఎస్సైగారు అప్పుడే కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు గన్ను నోట్లోకి నిండుగా పోస్తున్నారు. మన దగ్గర ట్రాక్టరుకీ అంతే, రుబ్బురోలుకీ అంతే. కొత్త సామాను ఏదొచ్చినా దాని నోట్లో కొబ్బరినీళ్ళు పడకపోతే మనకి తోచదు. కరెంటు నోరని ఎవరికి గుర్తుంటుంది?

నూకరత్నానికి నవ్వు రాలేదు. ఫొటోలో చేతులు జోడించిన జనంలో తన వాళ్ళ పోలికలే కనబడ్డాయి. తనున్నా అడ్డుచెప్పేది కాదు. దండం పెట్టుకునేది.

ఆమె మెషీన్ మీదున్న నంబరుకి ఫోన్ చేసింది. 'హరితవేగం' కంపెనీ. కీర్తి అనే అమ్మాయి పలికింది.

"చోడవరం స్టేషనా మేడమ్? మా బోర్డు మీద పచ్చగానే ఉందండి."

"ఇప్పటికీ?"

"ఇప్పటికీ అండి."

"మెషీన్ నుంచి మీకు సిగ్నల్ వస్తుంది కదా. చివరిసారి ఎప్పుడొచ్చింది?"

అవతల కాసేపు కీబోర్డు చప్పుడు. "దసరా అప్పుడండి. ఆ తర్వాత రాలేదు. నెట్ ప్రాబ్లమ్ అనుకున్నాం మేడమ్, చిన్న ఊళ్ళలో మామూలే."

"సిగ్నల్ లేకుండా పచ్చచుక్క ఎలా పెట్టారమ్మా?"

"కస్టమర్లు యాప్‌లో 'బాగుంది' అని నొక్కుతారండి. చోడవరానికి ప్రతి వారం నొక్కుతూనే ఉన్నారు. మనిషి వాడి బాగుందన్నాక మేమెందుకు తీసేస్తాం?"

"మీ మనిషి ఎవరైనా వచ్చి చూశారా?"

కీర్తి గొంతు తగ్గించింది. "మేడమ్, మీరు పెద్దవారు కాబట్టి చెప్తున్నాను. దేశం మొత్తం మీద ఉన్న మా స్టేషన్లన్నిటికీ తిరిగి చూసే టీమ్ ఒక్కటే. మ్యాప్ మీద ఎన్ని చుక్కలున్నాయో పైవాళ్ళు మీటింగుల్లో చూపించుకుంటారు. వాటిలో ఎన్ని పనిచేస్తున్నాయని ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి మా దగ్గరా లేదు. నేనైతే పెట్రోలు స్కూటీయే కొనుక్కున్నానండి. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది."

"ముందు ఈ చుక్క ఎర్రగా మార్చమ్మా. ఇంకెవరైనా నమ్మి వచ్చేలోపు," అని నూకరత్నం ఫోన్ పెట్టేసింది.

ఈలోపు ఎస్సై బుల్లెట్ వచ్చి ఆగింది. వెనక సీటు మీంచి పెదబాబు దిగాడు. పొలంలో నల్లబడ్డ భారీ మనిషి, భుజం మీద తెల్ల తువ్వాలు. దొంగని విడిపించడానికి పట్నం నుంచి ఎవరో వచ్చారని తెలిసి, దినాల ఏర్పాట్లు వదిలేసి వచ్చాడు. రోజాని చూడగానే అతని పిడికిళ్ళు బిగుసుకున్నాయి. రోజా నూకరత్నం వెనక్కి జరిగింది. రోడ్డు మీద జనం ఒక్కొక్కరే ఆగడం మొదలుపెట్టారు.

"పావుగంట ఎప్పుడో అయిపోయింది మేడమ్," అన్నాడు గౌరీశంకర్. "మీ దొంగ దొరికేడా?"

"రాగి అక్కర్లేని దొంగ దొరికాడు. ఎస్సైగారూ, ఈ మెషీన్ దసరా నుంచి పనిచేయట్లేదు."

"ఎవరు సెప్పేరు?"

"కంపెనీయే చెప్పింది. పాడైంది గన్ను. గన్నులోకి నీళ్ళు పోయాయి. ఎవరు పోశారో లోపల గోడ మీద ఫొటో ఉంది, చూడండి. మీరు చాలా బాగా పడ్డారు."

గౌరీశంకర్ కిటికీలోంచి చూశాడు. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మెడ మీద చెమట తుడుచుకున్నాడు. "పూజ సెయ్యమన్నారు, సేసేను. అంతేగానీ…" మాట మధ్యలో ఆపి, గొంతు పెంచాడు. "ఎప్పుడో పోసిన నీళ్ళకీ మంగళవారం దొంగతనానికీ సంబంధం ఏటి? పట్టపగలు, నడిరోడ్డు మీద కోసేడు. ఆడు పాత నేరస్థుడు కాకపోతే అంత ధైర్యం ఎలా వస్తాది?"

"అదే నేనూ అడుగుతున్నాను. పట్టపగలు, నడిరోడ్డు. ఇంతమంది తిరిగే చోట ఒక్కరూ ఎందుకు చూళ్ళేదు? బంగార్రాజు కత్తి పట్టుకుని ఇక్కడ నిలబడితే ఊరు ఊరంతా అరిచేది. మెషీన్ ఓనరు నిలబడితే ఎవరు పట్టించుకుంటారు?"

పెదబాబు ఆమెని, ఆ తర్వాత అరుగు మీదున్న బావమరిదిని చూశాడు.

"ఆడి అక్క సచ్చిపోయిందమ్మా," అన్నాడు పెదబాబు నెమ్మదిగా. "మాటలు సూసుకుని మాటాడు."

"చూసుకునే మాట్లాడుతున్నానండీ. కేబుల్ తెగిన చోట చెరుకురసం ఉంది, చీమలు పట్టాయి. ఆ మొద్దు మీద కేబుల్ రబ్బరు ఉంది. ఉమామహేష్ బాబూ, గన్ను ఎక్కడ దాచావు?"

ఉమామహేష్ కళ్ళు హోటల్ పక్కన గుట్టగా పోసిన చెరుకు పిప్పి మీదికి వెళ్ళి వెనక్కి వచ్చాయి. గౌరీశంకర్ కూడా ఆ చూపు పట్టుకున్నాడు. ఎంతైనా పోలీసు. లాఠీతో పిప్పి గుట్టని రెండు పక్కలకీ తోశాడు. పులిసిన వాసనతో పాటు గన్ను బయటపడింది. నోటి నిండా కుంకం, కొబ్బరి ముక్క, ఆకుపచ్చ చిలుము.

పెదబాబు ఒక్క అంగలో అరుగు ఎక్కి బావమరిది చొక్కా పట్టుకున్నాడు. "ఒరే! నువ్వేట్రా కోసింది? నువ్వా?"

"అవును బావా, నేనే కోసేను." ఉమామహేష్ విడిపించుకోలేదు. "ఇన్సూరెన్సు కోసం కోసేను. దొంగతనం అయితే కొత్త గన్ను ఇస్తారు. నీళ్ళు పోసి పాడుసేసుకుంటే ఇవ్వరు. అందుకని కోసేను. నన్ను తీసుకెల్లిపోండి ఎస్సైగారూ."

"అదీ సంగతి," అన్నాడు గౌరీశంకర్, ఊపిరి పీల్చుకుని. కేసు మారినా, తన కొబ్బరినీళ్ళ దాకా రాకుండా ముగిసేలా ఉంది. "పద, ఎక్కు బండి."

"ఆగండి," అంది నూకరత్నం. "ఇన్సూరెన్సు కోసమే అయితే దసరా మర్నాడే కోసేవాడు. ఇన్ని నెలలు ఊరుకుని మంగళవారమే ఎందుకు కోశాడు? ఆ రోజు ఆ గన్ను ఎవరి చేతిలో పడకూడదని?" ఆమె పెదబాబు వైపు తిరిగింది. ఇక అడగబోయే ప్రశ్న అడగడం ఆమెకి ఇష్టం లేదు. అడక్కపోతే రోజా మొగుడు జైలుకి పోకపోవచ్చు గానీ నిజం ఇక్కడే పూడిపోతుంది. ఇవాళ ఉమామహేష్‌ని ఇన్సూరెన్సు దొంగ అన్నవాళ్ళు రేపు బంగార్రాజుని అతని మనిషి అంటారు. "మంగళవారం ఆసుపత్రి దగ్గర్నుంచి మీరు ఇతనికి ఫోన్ చేశారా?"

"సేసేను."

"ఏమని?"

"మెషీను ఖాళీగా ఉందేట్రా, ఛార్జింగ్‌కి వస్తన్నాం అన్నాను. ఉంది బావా, రండి అన్నాడు."

"అక్కకి ఒంట్లో బాగోలేదని చెప్పారా?"

"సెప్పలేదు. అచ్చియ్యే సెప్పొద్దన్నాది. తమ్ముడు కంగారు పడతాడని."

"ఆసుపత్రి దగ్గర 108 లేదా?"

పెదబాబు చొక్కా వదిలేశాడు. అతని చెయ్యి కిందికి జారింది.

"ఉంది. గుమ్మంలోనే ఉంది. డ్రైవరు ఎక్కమన్నాడు. అచ్చియ్య వద్దన్నాది. ఆ బండిలో కూతేసుకుంటా ఎల్తే ఊరంతా సూస్తారు, సిగ్గు, తమ్ముడి కాడ కాసేపు ఛార్జింగ్ పెట్టుకుని మన కారులో మనం ఎల్దాం అన్నాది. నాకూ అదే బాగుందనిపించింది. ముందు ఆడికి ఫోన్ సేసి అడుగుదాం అనుకున్నాను. ఆడు రండి అన్నాడు. మేం వద్దన్నాం కదాని 108 ఇంకో కేసుకి ఎల్లిపోయింది."

నూకరత్నం ఉమామహేష్ ముందు అరుగు మీద కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది.

"మీ బావ ఫోన్ చేసినప్పుడు 'పాడైపోయింది బావా' అని ఎందుకు అనలేదు నాయనా?"

ఉమామహేష్ మొహం కప్పుకున్నాడు. వేళ్ళ మధ్యనుంచి మాట వచ్చింది.

"ఎలా అంటానమ్మా? ఆ పచ్చచుక్క మా వాళ్ళు నొక్కిందే. పాడైందని తెలిస్తే కంపెనీవోళ్ళు మెషీను పట్టుకుపోతారు. ఊళ్ళో ఫ్లెక్సీ ఏసుకున్నాను. అందరికంటే ముందు పెట్టేనని చెప్పుకుని తిరిగేను. అందుకని మా వాళ్ళందరికీ సెప్పేను, వారానికొకలు బాగుందని నొక్కండని. నొక్కినోళ్ళు ఎవరూ ఇక్కడికి రారు, అందరూ ఇంటికాడే ఛార్జింగ్ పెట్టుకుంటారు. ఎవరికీ నిజం సెప్పలేదు. మొన్న ఆదివారం మా అచ్చియ్యప్ప నొక్కింది. నొక్కే ముందు ఫోన్ సేసి అడిగింది, నిజంగా పనిచేస్తందేట్రా అని. చేస్తంది అప్పా, నువ్వు నొక్కు అన్నాను."

పెదబాబు అరుగు అంచు పట్టుకున్నాడు.

"బావ ఫోన్ పెట్టేసేక ఏటి సెయ్యాలో తోచలేదు. గన్ను తగిలిస్తే తెలిసిపోతాది. రెండ్రోజుల కిందే అప్పతో అబద్ధం ఆడేనని తెలిసిపోతాది. కత్తి చేతిలోనే ఉంది, రసానికి చెరుకు చెక్కుతన్నాను. కోసేసి పిప్పిలో దూర్చేసేను. మీరొచ్చేక, ఇప్పుడే ఎవడో కోసుకుపోయేడు బావా అన్నాను. కారు తలుపు తీసేక సూసేను అప్పని." అతను తల బాదుకున్నాడు. "ఛార్జింగ్‌కే వస్తన్నారనుకున్నాను బావా. నాకు తెల్దు. సిగ్గేసింది బావా, అంతే. సిగ్గేసి కోసేను."

పెదబాబు కొడతాడని అందరూ అనుకున్నారు. ఎస్సై అడ్డం పడడానికి ముందుకి జరిగాడు కూడా. పెదబాబు మాత్రం బావమరిది పక్కనే చతికిలబడిపోయాడు. అతని కళ్ళు రోజా మీదికి వెళ్ళాయి. తను చెయ్యి విరిచిన మనిషి భార్య వైపు చూడలేక, భుజం మీది తువ్వాలు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నూకరత్నం ఆ చూపు చూసింది. కేసు తేలినప్పుడల్లా ఆమెకి లోపల ఎక్కడో కొంచెం గర్వంగా ఉండేది. ఇవాళ అదీ లేదు.

అప్పుడు గౌరీశంకర్ ఫోన్ మోగింది. స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ రామ్మూర్తి. అతని గొంతు అందరికీ వినబడేంత పెద్దది.

"సార్, జీపు వచ్చేసింది. బంగార్రాజుని ఎక్కించేసేం. బయల్దేరిపోమంటారా?"

గౌరీశంకర్ నోరు తెరిచాడు. చుట్టూ జనం. కిటికీ అవతల శాలువా కప్పుకున్న తన ఫొటో. లాఠీ కొసన చిలుము పట్టిన గన్ను. అతను నోరు మూసేశాడు.

రోజా రెండు చేతులూ జోడించింది. నూకరత్నం ఆమెని ఆగమన్నట్టు చెయ్యి పట్టుకుంది. ఆ మాట ఎస్సై నోటి నుంచే రావాలి, ఇంకెవరు చెప్పినా చెల్లదు. ఫోన్‌లో ఒక మాట చెప్పడానికి మనిషి ఎంత సేపు సిగ్గుపడితే ఏమవుతుందో అక్కడున్న వాళ్ళందరూ అప్పుడే విని ఉన్నారు.

"సార్? లైన్లో ఉన్నారా? బయల్దేరిపోమంటారా?"

"వద్దు. దించెయ్యండి," అన్నాడు గౌరీశంకర్.

"దించెయ్యాలా? మరి కాయితాల్లో ఏటి రాయమంటారు సార్?"

ఎస్సై టోపీ తీసి బుల్లెట్ సీటు మీద పెట్టాడు. "నేను తప్పు మనిషిని పట్టుకున్నానని రాయండి. ఆడి చెయ్యి గోడ మీంచి పడి విరగలేదు, కొడితే విరిగింది. అది తెలిసే నేను అబద్ధం రాసేను. అదీ రాయండి."

"సార్, జీపు రొదలో ఇనబళ్ళేదు. ఏటన్నారు? మళ్ళీ సెప్పండి."

గౌరీశంకర్ మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు పెంచి, రోడ్డుకి అవతల టీ తాగుతున్నవాళ్ళు కూడా తలలు తిప్పి చూసేలా, మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు.